వెనక గోడ లేని ఇల్లు

కనిపించని దానికి కష్టపడకూడదు. మా పేట కుర్రాడు కస్మాదీ ఈ ఒక్క సూత్రం మీదే బతికాడు. చొక్కాకు ముందు భాగమే ఇస్త్రీ చేసేవాడు. పళ్ళు కూడా ముందువే తోముతాడని వాళ్ళక్క తిట్టేది. "వెనకంతా ముడతలేరా" అని నేనంటే, "ఎవరు చూస్తారు పెద్దాయనా" అనేవాడు.

నేను ఊరి బడిలో నాలుగో తరగతి దాకానే చదివాను. అయినా పేటకు పెద్దగా ఉండి కరకట్ట ఎత్తు చేయించాను, మసీదుకు మైకు పెట్టించాను. జావా దీవిలోని మా డెమాక్ తీరంలో నా ఇంటి గేటు లాంటి గేటు మరొకటి లేదు. కట్ట పెరిగిన ప్రతిసారీ సముద్రమూ పెరిగింది. చివరికి గేటుతో సహా ఊరు మునిగింది. మేమంతా ఎగువన అద్దె గదుల్లో పడ్డాం.

ఊరు మునగకముందే కస్మాదీ ప్రతి గోడనూ ఫొటో తీసి పెట్టుకున్నాడు. కంప్యూటర్లో ఊరిని చక్కెర బిళ్ళల్లాంటి గళ్ళుగా పేర్చాడు. ఆ గళ్ళకు బయటికి కనబడే పక్కలను మాత్రం కలిపి తొడుగులా కుట్టి, దానిమీద ఆ ఫొటోలు అతికించాడు. ఫోనులో బ్రౌజర్ తెరిస్తే మా వీధిలో నడవొచ్చు.

"లోపలి పక్కలు ఏం చేశావురా?"

"పారేశాను. గడికీ గడికీ మధ్య ఎవరు చూస్తారు? మనవాళ్ళవి పాత ఫోన్లు. బరువెక్కితే తెరుచుకోవు."

మా పక్కింటి రోమ్లా కూతురు డెంగీతో పోయింది. ఆ పిల్ల ఎత్తు ఏటేటా లోపలి గది చెక్కగోడ మీద కత్తితో గీసేవాళ్ళు. ఇల్లు నీళ్ళలో ఒరిగిపోయింది, అటు ఎవరినీ పోనివ్వడం లేదు.

"ఆ గోడ ఒక్కటి చూపిస్తావా నాయనా?" అని రోమ్లా కస్మాదీని అడిగింది.

"తలుపు మూసుంది కదా పిన్నీ. లోపల ఎవరు చూస్తారు?"

ఆమె వెళ్ళిపోయింది. "నీకు గుండె కూడా బయటికి కనబడేంతే ఉందట్రా?" అన్నాను. వాడు నవ్వాడు. తర్వాతి నెల ఆ ఇల్లు సముద్రంలో కలిసిపోయింది.

రంజాన్ ముందు మేము సమాధులు కడిగి పూలు చల్లుతాం. ఈసారి సమాధులు నీళ్ళ కింద ఉన్నాయి. పూలు ఒళ్ళో పెట్టుకుని, ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం.

రోమ్లా వేలు వీధి దాటి తన వాకిట్లో ఆగింది. తలుపు మీద ఆనింది. తలుపు తెరుచుకుంది.

చెక్కగోడ. దానిమీద ఒకదానిపై ఒకటి గీతలు. పైగీత కిటికీ అంచు దగ్గర ఆగిపోయింది.

"కిటికీ దాకా వచ్చింది చూడండి" అంది రోమ్లా.

"మీరు తిట్టిన మర్నాడే పోటు తగ్గిన పూట ఆ ఇంటికి వెళ్ళాడు పెద్దాయనా" అంది వాళ్ళక్క. "ఫోనుకు ప్లాస్టిక్ సంచి చుట్టుకుని. వచ్చి జ్వరంతో పడుకున్నాడు."

మాట మార్చాలని ఫోనులోనే నా ఇంటికి వెళ్ళాను. గేటు దివ్యంగా ఉంది. ఇల్లు చుట్టి వెనక్కి వెళ్తే గోడ లేదు, ఆకాశం.

"ఒరే కస్మాదీ, నా వెనక గోడ ఏదిరా?"

"పిన్ని గది బరువుకు ఎక్కడో తగ్గించాలి కదా. అంత గేటు పెట్టుకుంటే వెనక్కి ఎవరు చూస్తారు?"

"మరి నీ ఇల్లో?"

వాళ్ళ ఇల్లుండే చోట ఉత్త మట్టి.

"మాది అసలే ఎవరూ చూడరు" అంటూ లేచి వెళ్ళాడు. చొక్కా వెనకంతా ముడతలే.

ఇప్పుడు ఎవరు అడిగినా చెబుతున్నాను: కరకట్ట ఎత్తు చేయించాను, మసీదుకు మైకు పెట్టించాను, రోమ్లా గదికి నా వెనక గోడ ఇచ్చాను.