మావయ్య డ్రమ్ములో మొక్క

ముందే ఒప్పేసుకుంటున్నాను, నాకు గోరంత చూస్తే కొండంత చెప్పే జబ్బుంది. ఇందులో కొలతలన్నీ నావి, పూలు మాత్రం నిజం. ఇవాళ పొద్దున్న స్కూటర్‌ని అలవాటు కొద్దీ దాని పాత చోటులో పెట్టబోయి, అక్కడున్న మొక్కకి గుద్దినంత పనిచేశాను. ఆ చోటు చేజారిన వైనం చెప్పాలి.

మా మావయ్యకి, అంటే మేనత్త భర్తకి, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుండేది. అక్కడ సుత్తి దెబ్బ పడితే గుణదలలో అత్త వంటింట్లో గిన్నెలు ఉలిక్కిపడేవి. ఆయన సాయంత్రం తెచ్చే ఖాళీ క్యారేజీ పైగిన్నెలో ఒక్కోరోజు గుప్పెడు తెల్లపూలుండేవి. "ఎంగిలి గిన్నెలో తెస్తే దేవుడికెలా పెట్టేది?" అని సణుగుతూనే అత్త వాటిని తలలో పెట్టుకునేది. పప్పుచారూ పరిమళమూ కలిసిన ఆ వాసన బందరు దాకా వెళ్ళేదని నా నమ్మకం. మొక్క షెడ్డులో ఉందని అత్తకి తెలుసు గానీ, ఆ ఇనుము మోతలోకి ఆవిడ ఏనాడూ అడుగుపెట్టలేదు.

మావయ్య పోయాక షెడ్డు ఖాళీ చేశారు. అత్త ఫ్లాటులో ఎండ పడదు కనక, గ్రీజు డ్రమ్ములో ఉన్న ఆ మొక్క మా ఇంటికొచ్చింది. పేరూ లేదు, ఊరూ లేదు. "పూసినప్పుడు కబురు చెయ్యరా, వచ్చి చూస్తాను" అంది అత్త.

పడమటి గోడ పక్కన పెట్టాను. మన బెజవాడ ఎండకి వారం తిరక్కుండా పుల్లలు మిగిలాయి. "మీ మావయ్యని రెండోసారి చంపుతారా ఏంటి?" అంది మా ఆవిడ. బ్యారేజీ గేట్లెత్తే క్రేను లేకుండా కదలని ఆ డ్రమ్ముని ఇంటి చుట్టూ ప్రదక్షిణ చేయించాను. పొద్దుటెండ తగిలి, మధ్యాహ్నానికి నీడపడే జాగా ఒకటే తేలింది, స్కూటర్ పెట్టే రేకు కింద. షెడ్డులోనూ అలాగే ఉండేదేమో, వానలు పడేసరికి మొక్క చిగిర్చింది, మొగ్గేసింది. విచ్చుకుంటే ముదురు ఊదా!

ఫోన్ చేస్తే అత్త నీరుగారిపోయింది. "ఊదా ఏంట్రా? ఆయన తెచ్చినవి పాలలాంటి తెలుపు. షెడ్డులో అన్నీ డ్రమ్ములేగా, ఏదో మారిపోయింది. ఆయనదే పోయాక ఇంకోటి నాకెందుకు, తీసెయ్."

తీయడానికి చేతులు రాలేదు. పక్కింటావిడ వచ్చి "డిసెంబరాలండీ ఇవి" అని తేల్చేసింది. రెండ్రోజులు పోయాక ఎదురింటాయన అదే మొక్క చూసి "నందివర్ధనమేగా!" అన్నాడు. ఊదా పువ్వు ఆయనకి తెల్లగా ఎలా కనపడింది? మా ఆవిడకి అనుమానమొచ్చింది. మర్నాడు కొత్తగా విచ్చిన పువ్వు తొడిమకి ఎర్రదారం కట్టింది. దారం పువ్వు మొదట ముదురు ఊదా, తర్వాత లేత ఊదా, ఆపైన తెలుపు! ఆ సంగతి చెప్పగానే కంకిపాడు రోడ్డులో మొక్కలమ్మే ఆయన "నిన్న-నేడు-రేపు అంటారండీ దాన్ని" అన్నాడు.

మళ్ళీ కబురు చేస్తే ఆదివారం అత్త వచ్చింది. ఒకే కొమ్మన ఉన్న మూడు రంగుల్నీ ఒక్కొక్కటే వేలితో తాకి చూసింది.

"తెలుపంటే ఇష్టమని పెళ్ళైన కొత్తలో ఎప్పుడో అన్నాన్రా. అంటే ఇవన్నీ తెల్లబడేదాకా కాసుక్కూచునేవాడన్నమాట. నోరు తెరిచి ఒక్క ముక్క చెప్తేనా, మొండిఘటం!" అని పకపకా నవ్వింది. నేను పువ్వు కోయబోతే చేతిమీద ఒక్కటేసింది. "క్యారేజీ గిన్నె పట్రా ముందు."

ఇక లెక్క అప్పజెబుతాను. క్రేను మాట, బందరు దాకా వెళ్ళిన వాసన మాట వెనక్కి తీసుకోను. నేను కల్పించింది ఒక్కటే, ఆ పకపకా నవ్వు; నిజానికి అత్త నవ్వలేదు. పువ్వు తెల్లబడటానికి మూడు రోజులు చాలు; ఆ తెలుపు ఎలా వచ్చిందో అత్తకి తెలియడానికి ఒక కాపురమంతా పట్టింది.