మీటరు మీది ఎర్ర చుక్క

నేను బడికి వెళ్లలేదు. డుంబ్రిగుడ సంతలో బెల్లం, ఎండుచేపలు పొట్లం కట్టిచ్చే కాగితాలను కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అందుకే అచ్చులో ఉన్నదల్లా నిజమేనని నమ్మడం అలవాటైపోయింది. మా ఊళ్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా అరుగు మీదికే తెచ్చేవారు.

మా కొండకు కరెంటు వచ్చిన ఏడాది సంతలో ఒక కాగితం పంచారు. కరెంటు పొదుపు చేయండి, అక్కర్లేని దీపాలు ఆర్పేయండి అని. మా ఇంట్లో ఉన్నదే ఒక బల్బు. ఒక్క బల్బు ఉన్న ఇంటికి పొదుపు నేర్పడానికి వాళ్లకు నోరెలా వచ్చిందని ఇవాళ మండిపడుతున్నాను. ఆ రోజు మాత్రం కళ్లకద్దుకుని గోడకు అంటించాను.

కొన్ని యూనిట్ల దాకా మాకు బిల్లు లేదు, దాటితే కట్టాలి అన్నారు. లైటు వెలుగుతుంటే మీటరు మీద ఒక ఎర్ర చుక్క ఉండుండి మిణుక్కుమంటుంది. అది కొట్టుకున్నప్పుడల్లా ఒక యూనిట్ పోతున్నట్టేనని నా ఇంటిదానికి చెప్పాను. నాకెవరూ చెప్పలేదు, నేనే తేల్చాను. అంబలి వడ్డించేదాకా లైటు వేయకూడదని, తినగానే ఆర్పేయాలని కట్టుబాటు పెట్టాను. ఆమె దాన్ని నాకంటే గట్టిగా పట్టుకుంది. చుక్క కనిపిస్తే చాలు, ఇంట్లో పాము దూరినట్టు కేకేసేది.

"ఓలయ్యా, కొట్టుకుంటంది! బేగి ఆర్పు!"

"ముద్ద నోట్లోకి ఎల్లనియ్యవేటే?"

"నీ నోరెక్కడుందో నీకు తెల్దేటి? సీకట్లో తిను."

నవ్వుకునేవాళ్లం. నెలనెలా సున్నా బిల్లు వచ్చేది. ఆ చీటీలను నా తెలివికి పడిన మార్కుల్లా దాచుకునేవాణ్ణి.

మా ఇళ్లల్లో చోళ్లు దంచే రోలు నేలలోనే పాతి ఉంటుంది. దంపు అయ్యాక దాని మీద చెక్క మూత వేస్తాం. మొన్నటి వానాకాలంలో ఒక సాయంత్రం ముసురు పట్టి, పొద్దుండగానే ఇల్లంతా చీకటి కమ్మింది. ఆమె అప్పుడే దంపు ముగించి, మూత వేయడం మరిచి, పొయ్యి మీద కుండ దించడానికి లేచింది.

"లైటెయ్యనా? కాళ్ల కింద ఏటీ అవుపడ్డం లేదు."

"వడ్డించినాక ఏద్దువులే" అన్నాను, గోడకు ఆనుకుని కూర్చునే.

ఇన్నేళ్లుగా తను దంచిన రోట్లోనే కాలు పడింది. తుంటి విరిగింది. అప్పుడు లేచి లైటు వేశాను.

ఆ వానలోనే నలుగురు డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. దారిలో మూలుగుతూ ఆమె నన్ను అడిగింది ఒక్కటే: "లైటు ఆర్పీసావా?"

రోడ్డు పక్కన టూరిస్టుల బస ఒకటి ఉంది. దాని చెట్లన్నిటికీ రంగు దీపాల తీగలు చుట్టారు. ముసురుకు భయపడి మనుషులెవరూ రాలేదు. చెట్లు మాత్రం వెలుగుతూ తడుస్తున్నాయి. ఆ పొదుపు కాగితం ఈ చెట్లకెందుకు అంటించలేదు? ఎవరినని అడగను? అంబులెన్సు వచ్చేదాకా వాటినే చూస్తూ నిలబడ్డాను.

ఆసుపత్రి నుంచి తెచ్చాక ఆమెను మంచం మీద పడుకోబెట్టాను. ఇక మునుపటిలా నడవదన్నారు. ఆ రోజు నుంచి రాత్రీ పగలూ లైటు ఆర్పలేదు. ఆమె వద్దని గొణుగుతూనే ఉంది. ఎంత వచ్చినా రానీ, కాఫీ గింజలు అమ్మి కట్టేస్తాననుకున్నాను.

నెల తిరిగాక బిల్లు తీసే మనిషి వచ్చాడు. చీటీ చూసి, "తప్పు కొట్టావు బాబూ. నెలంతా మేం లైటార్పలేదు" అన్నాను.

"పగలు కూడానా? అయినా సున్నానే తాతా. నీ బల్బు తొమ్మిది వాట్లు. నెలంతా ఎలిగినా ఏడు యూనిట్లవదు."

"మరి ఆ ఎర్ర చుక్క?"

"అది మూడేలసార్లు కొట్టుకుంటే గాని ఒక యూనిట్ అవదు. పదిమందికి సదివిపెడతావు, ఇది తెల్దేటి?" అని నవ్వుతూ పక్కింటికి వెళ్లాడు.

ఆ తొమ్మిది అంకె బల్బు మెడ మీదే అచ్చయి ఉంది. చేపల కాగితాలు చదివినవాణ్ణి, నెత్తిన వేలాడేది చదవలేదు.

లోపలికి వెళ్లాను.

"ఎంతొచ్చింది?" అంది.

"సున్నా."

కాసేపు బల్బు వైపే చూసింది. "అయితే ఆయేళ లైటేసినా సున్నానే వచ్చీదా?"

ఔనన్నాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకోబోయింది. తుంటి తిరగనివ్వలేదు.