మగ్గం ఆగితే టీ

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. నేను చెప్పను. మా బావ మీద నాకు పీకలదాకా కోపం ఉంది. ఇన్నేళ్లు నవ్వించి నవ్వించి, మేము నవ్వుతూ ఉండగానే వెళ్లిపోతారా ఎవరైనా?

అక్కది ఎమ్మిగనూరు, నాది ఆదోని. బస్సెక్కి ఒక కునుకు తీసేలోపు ఊరొస్తుంది. ఏ ఆదివారం తోచకపోయినా అక్క ఇంటికే పోయేదాన్ని. సందు మలుపు తిరిగితే చాలు, ఇంటింటా మగ్గాల చప్పుడు. అందులో మా బావ మగ్గం ఏదో కళ్లు మూసుకుని చెప్పగలను. గబగబా నాలుగు పోట్లు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు కొంచెం తడబడి, మళ్లీ అందుకుంటుంది. మగ్గం కింద తవ్విన గుంటలో కాళ్లు దించుకుని కూర్చున్న ఆ మనిషి తలైనా ఎత్తడు. నా చెప్పుల చప్పుడు వినే పలకరిస్తాడు. "ఏం మరదలా, ఆదోనిలో ఎండ సాలలేదా, ఈడికొచ్చినావు?"

పోగు తెగిన ప్రతిసారీ తప్పు నాదే. మా ఊళ్లో పత్తి మార్కెట్ ఉంది కదా, అందుకని. మీ ఆదోని దూదీ మీ ఆదోనోళ్ల మాటా రెండూ ఒకటే, పట్టుకుంటే తెగుతాయి అనేవాడు. దసరాకు ఊరంతా తలలు పగిలే దేవరగట్టు కర్రల పండగకు బయలుదేరితే ఆయన కదలడు. మా ఇంట్లో దినామూ జరిగేదానికి అంత దూరం ఎందుకు, కర్ర మీ అక్కది, తల నాది అనేవాడు. అక్క నిజంగానే గరిటె చూపించేది.

పెళ్లిచూపులప్పుడు నేను చిన్నపిల్లను గానీ బాగా గుర్తు. మావాళ్లు పిల్లకు వంటలన్నీ వచ్చని వరస పెట్టి చెబుతున్నారు. ఆయన అదంతా విని, పోగు అతకడం వచ్చునా అని ఒక్కటే అడిగాడు. నేతగాళ్ల ఇంట పుట్టిన పిల్లను అడిగే మాటేనా అది? అక్కకు రోషం వచ్చి, తల దించుకునే, వచ్చు అంది. "అయితే సాలు. తెగినా భయం లేదు" అన్నాడు. పెద్దవాళ్లు కూడా నవ్వారు.

పెళ్లయ్యాక అక్కను మగ్గం ఎక్కనివ్వలేదు. నీ నడుము నాకు కావాలి, నూలు కండెలు చుట్టు చాలు అనేవాడు. కూతురికి జడ వేసేది కూడా ఆయనే. పిల్ల డిగ్రీకి వచ్చినా పొద్దున్నే దువ్వెన పట్టుకుని నాన్న ముందు కూర్చోవలసిందే. పడుగు పోగులు సరిచేసే చేతులు కదా, ఒక్క వెంట్రుక బయటికి రాదు. ఇంట్లో ఎవరు తినకపోయినా ఆయన కంచం ముందు కూర్చునేవాడు కాదు.

ఇక టీ సంగతి. ఆయన టీ కావాలని నోరు తెరిచి ఎప్పుడూ అడగలేదు. మగ్గం ఆపేస్తాడు, అంతే. మగ్గం ఆగిందంటే అక్క గ్లాసు పట్టుకుని పోవాలి. ఆలస్యమైతే నాటకం మొదలు. నేసిన బట్ట మీద తల వాల్చి, చేతులు వేలాడేసి, ఊపిరి బిగబట్టి పడి ఉంటాడు. అక్క గుండె పట్టుకుని పరుగెత్తేది. అప్పుడు ఒక కన్ను తెరిచి, "బతికే ఉండానులే. టీ ఏదీ?" అనేవాడు. అక్క నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టేది. ఏదో ఒక దినం నిజంగానే అని, ఆ మాట సగంలో మింగేసి లెంపలు వేసుకునేది. వినీ వినీ మాకది ఇంటి గడియారం అయిపోయింది.

ఆ ఆదివారం నేను అక్కడే ఉన్నాను. పొద్దున అందరం ఉగ్గాని తిన్నాం. ఎడమచెయ్యి లాగుతోందన్నాడు బావ. నేతగాళ్ల ఇళ్లల్లో భుజం నొప్పి లేని మగవాడు ఉంటే చూపించండి, నేను దండం పెడతాను. ఎవరం పట్టించుకోలేదు. అక్క మాత్రం, మగ్గం తాడు లాగేది కుడిచెయ్యి కదా, ఎడమచెయ్యికి ఎందుకు నొప్పి అంది. "దానికి అసూయ" అన్నాడు. నేను పొర పోయేలా నవ్వాను. అక్క భుజానికి నొప్పుల మందు రాసింది. ఆయన కూతురికి జడ వేసి, గుంటలోకి దిగాడు.

మేమిద్దరం వంటింట్లో ఉల్లిగడ్డలు ఒలుస్తున్నాం. మగ్గం ఆగింది. పొయ్యి మీద టీ పొంగుతోంది. నేను తీసుకుపోదామని లేవబోతే అక్క నా చెంగు పట్టుకుని లాగింది. "పోవాకు. ఈ పొద్దు ఆయప్పే లేచి రానీ. ఎంతసేపు ఊపిరి పట్టుకుంటాడో సూద్దాం" అంది. కళ్లలో ఉల్లి నీళ్లు, మూతి మీద నవ్వు. నాకూ సరదా పుట్టింది. చప్పుడు బయటికి పోకుండా నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఇద్దరం ఊగి ఊగి నవ్వాం. టీ మీద మీగడ కట్టింది. ఈసారి నేనే గెలిచినా అంది అక్క. అయినా ఆమె మనసు ఒప్పుకోదు కదా. టీ మళ్లీ వేడి చేసి, గ్లాసులో పోసుకుని, ఓడినానులే, తాగు అంటూ లోపలికి పోయింది.

గ్లాసు గుంట గట్టు మీద పెట్టిన చప్పుడు విన్నాను. నాటకాలు చాలు అనడం విన్నాను. "బతికే ఉండానులే" మాత్రం వినపడలేదు. నేను పోయి చూసేసరికి అక్క ఆయన చెంప తడుతోంది. ఇంకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు మొహం మీద నుంచి దిగడం మరిచిపోయింది. ఒక కన్ను తెరుస్తాడు, ఇప్పుడు తెరుస్తాడు అనే నిలబడి ఉన్నాను.

పక్కింటివాళ్లు ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. డాక్టరు చూసి, గుండె ఒక్కసారిగా ఆగిపోయింది, ఆ నిమిషంలోనే ప్రాణం పోయింది, పక్కనే ఉన్నా ఎవరూ ఏమీ చేయగలిగేది లేదన్నాడు. నేను విన్నాను. అక్క వినలేదు. తిరిగి వచ్చేసరికి సందులో ఒక్క మగ్గం ఆడటం లేదు. నేతగాళ్ల వీధిలో చావు పడితే ఎవరూ చెప్పక్కర్లేదు, ఒక ఇంటి తర్వాత ఒక ఇల్లు మగ్గం దిగుతుంది. ఆ సందును అంత మౌనంగా నేనెప్పుడూ ఎరగను. నా చెప్పుల చప్పుడు నాకే వినిపించింది. పలకరించే మనిషి లేడు.

సాగనంపి వచ్చాక అందరం తలకు పోసుకోవాలి. పిల్ల జడ విప్పనని మొండికేసింది. నాన్న వేసిన జడ అది. నేనే బలవంతంగా విప్పాను, విప్పుతూ దాన్ని తిట్టాను, ఆయన్ను తిట్టాను. పిల్లకు ఆ రోజు దుఃఖం బయటికి వచ్చింది. అక్కకు రాలేదు. చూడవచ్చిన ప్రతి మనిషికీ ఒకటే మాట చెప్పేది. "ఆయప్ప పోతాంటే నేను నవ్వుతాండాను." కంట నీళ్లు లేవు. డాక్టరు చెప్పింది నేను ఎన్ని విధాలుగా చెప్పినా గోడకు చెప్పినట్టే. నాకు భయం వేసింది. బావ ఎటూ పోయాడు. అక్క ఆ నవ్వు దగ్గరే ఆగిపోతే ఆమెను వెనక్కి తెచ్చేది ఎవరు?

మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది. పోయినవాడి పడుగుకు కత్తెర పెట్టకూడదని మా ఇళ్లల్లో ఒక పట్టింపు. దినాలు అయ్యేలోపు ఎవరో ఒకరు నేసి దించాలి. పెద్దాయన ఒకాయన వచ్చి, నేను కూర్చుంటానమ్మా అన్నాడు. అక్క గడప దగ్గర అడ్డం నిలబడింది. ఎవరూ తాకవద్దంది. తను మాత్రం ఆ గదిలోకి తొంగి కూడా చూడదు. ఆయన గట్టు మీద పెట్టుకునే టీ గ్లాసు అక్కడే ఉంది, తీయడానికి నాకూ చేతులు రాలేదు.

దినాలకు ముందురోజు పొద్దున నేను వంటింట్లో ఉన్నాను. మగ్గం ఆడింది. వీధిలో వేరే ఇంట్లో అనుకున్నాను, కాదు, మా గోడ అవతలే. మెల్లగా, తడబడుతూ, చాలాకాలంగా చేతులు మరిచిన పని చప్పుడు. పోయి చూస్తే అక్క. చెంగు నడుముకు దోపి, ఆయన గుంటలో కాళ్లు దించుకుని నేస్తోంది. పలకరించడానికి భయమేసి వెనక్కి వచ్చాను. ఏం చేయాలో తోచక టీ పెట్టాను. పొయ్యి దగ్గర నిలబడి ఒక్కొక్క పోటూ వింటున్నాను. టీ గ్లాసులో పోస్తుండగా మగ్గం ఆగింది.

ఎట్లా పరుగెత్తానో తెలియదు. గ్లాసు చేతిలోనే ఉంది, వేడి టీ చేతి మీద ఒలికింది. అక్క తల బట్ట మీదికి వాలి ఉంది.

తల ఎత్తింది. రెండు వేళ్ల మధ్య పోగు కొసలు.

"తెగింది. అతుకుతాండా" అంది.

తర్వాత నా మొహం చూసింది. గుమ్మంలో గ్లాసు పట్టుకుని పరుగెత్తుకొచ్చిన మనిషి ఎట్లా ఉంటుందో, ఇన్నేళ్లలో మొదటిసారి ఆ గుంటలో నుంచి చూసింది.

"బతికే ఉండానులే" అంది. "టీ ఏదీ?"

ఆ మాట పూర్తి కాకుండానే ఏడుపు తన్నుకొచ్చింది ఆమెకు. నేను గట్టు మీద కూర్చుని, చీర మీద కన్నీళ్లు పడకుండా నా చెంగు అడ్డం పెట్టాను. గ్లాసులో సగమే మిగిలింది. అక్క ఏడుస్తూనే అది తాగి, తెగిన పోగు అతికింది.