కిటికీ వైపు తుప్పు

నకరికల్లులో సొంత మినీ లారీలో మిరప బస్తాలు తోలే పున్నయ్యకు బండి శుభ్రం మీద ఉన్న పట్టింపు చూసి తోటి డ్రైవర్లు నవ్వుకునేవారు. కళ్ళాల్లో బస్తాలు ఎత్తి, గుంటూరు కోల్డ్ స్టోరేజీలో దింపి ఇల్లు చేరాక అతను తన ముఖమైనా కడుక్కోకముందే బండి తొట్టి కడిగేవాడు. పెళ్ళికూతురికైనా ఇంత నలుగు పెట్టరని వాళ్ళు ఎగతాళి చేసేవారు.

కారణం ఇంట్లో ఉండేది. భార్య సుందరికి ఆయాసం. ఆ ఇరుకు సందులో బండి నిలపడానికి ఉన్న చోటు ఒక్కటే, ఆమె మంచం పక్కనున్న కిటికీ కింద. తొట్టి పలకల సందుల్లో చిక్కుకున్న మిరప దుమ్ము గాలికి లేచి లోపలికొస్తే ఆమెకు ఊపిరి అందేది కాదు. అందుకని అతను వీధి బోరుకు గొట్టం తగిలించి, ఘాటు పూర్తిగా పోయేదాకా తొట్టినీ దాని అడుగునూ కడిగేవాడు.

"చాల్లే, ఇనుము అరిగిపోద్ది" అనేది సుందరి లోపలినుంచి.

ఆ బోరు నీళ్ళు ఉప్పన. బిందె అడుగున తెల్లని పొర కట్టేవి. తడికి ఉప్పు తోడైతే ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో ఇంటి కిటికీ ఊచలను చూసి అతనికి తెలుసు. ఆ ఎరుకను బండి దాకా తీసుకురావడానికి మాత్రం మనసు ఖాళీగా ఉండేది కాదు.

పోయిన వానాకాలంలో సుందరి కన్నుమూసింది. ఈ వేసవిలో బండి ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్ళింది. బ్రేకులు, లైట్లు, పొగ అన్నీ సరిగానే ఉన్నాయి. చివరికి ఇన్‌స్పెక్టర్ బండి కిందికి వంగి చాసిస్‌ను స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే మొన సులువుగా లోపలికి దిగబడింది. బండి పరీక్ష తప్పింది.

ఇక ఆశ అంతా కొన్నప్పుడు అదనంగా తీసుకున్న వారంటీ మీదే. దాని గడువు ఇంకా తీరలేదు. తయారీ లోపమైతే కంపెనీ చాసిస్ మార్చి ఇస్తుంది. బయటి కారణంతో పట్టిన తుప్పయితే ఇవ్వదు. మార్చకపోతే బండి తుక్కుకే పోవాలి, పున్నయ్య ఈ వయసులో మరొకరి బండికి డ్రైవరుగా కుదరాలి.

నరసరావుపేట షోరూమ్‌లో ఇంజనీరు ఫణీంద్ర బండిని పైకెత్తించి చాలాసేపు చూశాడు. కుడివైపు ఇనుము గట్టిగానే ఉంది. ఎడమవైపు మాత్రం పొరలు పొరలుగా రాలుతోంది. అది కిటికీ వైపు. అక్కడ ఎక్కువసేపు కడిగిన చేతులను పున్నయ్య వెనక్కి పెట్టుకున్నాడు.

ఫణీంద్ర గొంతు తగ్గించాడు. "ఏ నీళ్ళతో కడిగేవాడివి పున్నయ్యా? సాగర్ కాలవ నీళ్ళని చెప్పు. ఈ పక్క రంగు సరిగ్గా పట్టలేదని రాస్తా."

ఒక్క మాట చాలు. కాని కాలవ ఊరి బయట ఉంది. అక్కడ కడిగానంటే, ఆ కిటికీ కింద తను లేనట్టే. లోపలినుంచి ఆమె చాల్లే అననట్టే.

"బోరు నీళ్ళే సారూ. మా ఇంటి ముందరే, రోజూ."

"రోజూ ఎందుకయ్యా?"

"మా ఆడమనిషికి ఘాటు పడదు."

ఫణీంద్ర పెన్ను మూత తీసి, బయటి కారణంతో పట్టిన తుప్పని రాశాడు.

తుక్కు వ్యాపారి పొద్దున్నే వస్తానన్నాడు. ఆ సాయంత్రం పున్నయ్య బండిని ఎప్పటి చోటే నిలిపి బోరుకు గొట్టం తగిలించాడు. ఎదురింటి హజ్రా బీ నీళ్ళకని బిందెతో వచ్చింది.

"తుక్కుకిచ్చే బండికి స్నానమేంది తమ్ముడూ?"

"ఘాటు ఇంకా పోలేదక్కా" అన్నాడతను, తొట్టి అడుగున నీళ్ళు కొడుతూ.

హజ్రా బీ మూసి ఉన్న కిటికీ వంక చూసింది. ఖాళీ బిందెను చంకనెత్తుకుని వెనక్కి వెళ్ళిపోయింది.