ఇంజను పోయిందన్నారు

నేను రిటైర్ కావడానికి ముందటి ఏడాది, ఎండలు ముదిరే రోజుల్లో, వరంగల్‌లోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో ట్రాన్స్‌పోర్ట్ ఇంజినీరుగా ఉన్నాను. హోదా వినడానికి పెద్దదే గానీ, అంబులెన్సులూ వ్యాన్లూ ఆగిపోకుండా చూడటమే నా పని. ఆ వేసవిలో నన్ను కండెమ్నేషన్ కమిటీలో వేశారు. ఒక వాహనం ఇక పనికిరాదని తేల్చి వేలానికి పంపే కమిటీ అది. అధ్యక్షుడు పరిపాలనాధికారి, రెండో సభ్యుడు అకౌంట్స్ ఆఫీసర్, మూడో సభ్యురాలిని, సాంకేతిక సభ్యురాలిని నేను. సాంకేతిక సభ్యురాలి సంతకం లేనిదే ఏ బండీ వేలానికి పోకూడదని నిబంధన. వాళ్లకు కావలసింది ఆ సంతకమే. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు.

మా ముందుకు వచ్చింది ఒక పాత పెట్రోల్ వ్యాను. రఘునాథపల్లి వైపు ఊళ్ల నుంచి డయాలిసిస్ రోగులను తెచ్చి, సాయంత్రం ఇళ్ల దగ్గర దింపేది. కొంతకాలంగా నల్లటి పొగ వదులుతోంది, పెట్రోలు తాగేస్తోంది, సిగ్నల్ దగ్గర నిలిపితే ఇంజను ఆగిపోతోంది. బయటి గ్యారేజీ మేస్త్రీ ప్లగ్గులు మార్చాడు, పెట్రోల్ పంపు మార్చాడు, ఇంజెక్టర్లు మార్చాడు. మార్చడానికి ఇంకేమీ తోచకపోయేసరికి ఇంజను పూర్తిగా పోయిందని రాసిచ్చాడు.

ఆ మాట పరిపాలనాధికారికి వరమైంది. వ్యాను పోతే కొత్త బండి అడగవచ్చు. ఆయన అడగదలచుకున్నది తాను వెనక సీట్లో కూర్చుని తిరగడానికి ఒక కారు. రోగులు బస్సులో వస్తారట. రక్తశుద్ధి చేయించుకుని కళ్లు తిరుగుతున్న మనిషి మిట్టమధ్యాహ్నం బస్సు కోసం నిలబడటం ఎలా ఉంటుందో ఆయన ఆలోచించిన దాఖలా లేదు.

కమిటీ తనిఖీ చూడవలసిన దృశ్యం. అధ్యక్షులవారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వ్యాను చుట్టూ ఒకసారి తిరిగారు. బూటు కాలితో టైరును తన్నారు. అకౌంట్స్ ఆఫీసర్ కూడా అదే టైరును తన్నాడు. తనిఖీ పూర్తయింది. పెన్ను నా చేతికిచ్చారు. ఇంజను చూడకుండా సంతకం చేయనన్నాను.

"చూడనీకె ఏమున్నది మేడం? మేస్త్రీ రాసిచ్చిండు గదా!" అన్నారు అధ్యక్షులు.

"ఆయన రాసింది ఆయన చూసింది. నేను చూసింది నేను రాస్త సార్," అన్నాను.

వ్యాను డ్రైవర్ యాకూబ్ పాషా అవుట్‌సోర్సింగ్ ఉద్యోగి. బండిని షెడ్డుకు తెస్తూ, "బండి పోతే నా నౌకరీ గూడ పోతది మేడం, నన్ను దీని మీదనే తీసుకున్నరు. జర మంచిగ చూడున్రి," అన్నాడు. ఆ రోజు చికిత్స అయిపోయి వ్యానులో కూర్చున్న రాజవ్వ అనే పెద్దావిడ అంతా వింటోంది. "నాకు ఇంజన్లు తెల్వయి బిడ్డా. దవాఖానకు రాకుంటే పానం పోతదని ఒక్కటి ఎరుక," అంది. ఆమెను వేరే బండిలో ఇంటికి పంపించాను.

తాళం తిప్పగానే మీటర్ బోర్డులో ఇంజను హెచ్చరిక దీపం వెలగాలి. వెలగలేదు. బోర్డు విప్పితే దీపం మీద నల్ల టేపు అంటించి ఉంది. సరిగ్గా దీపమంత కత్తిరించి, అంచులు లేవకుండా అంటించారు. మేస్త్రీ నైపుణ్యం ఆ బండి మొత్తంలో నాకు కనబడింది అక్కడొక్కచోటే.

స్కానర్ తగిలిస్తే లోపం ఆక్సిజన్ సెన్సార్ వైపు చూపింది. పొగ గొట్టంలో బిగించి ఉండే చిన్న పరికరం అది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచి, పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో ఇంజను కంప్యూటరుకు చెబుతుంది. బాగున్న సెన్సార్ వోల్టేజీ క్షణక్షణం పైకీ కిందికీ ఊగుతుంది. ఇది కిందనే పడి ఉంది. అంటే పెట్రోలు చాలడం లేదని చెబుతోంది. కంప్యూటర్ నమ్మి ఇంకా పోస్తోంది. నల్ల పొగ అందుకే.

స్కానర్ చెప్పగానే సెన్సార్ మార్చేసేవాళ్లున్నారు. వాళ్లను మెకానిక్కులనడం నాకిష్టం లేదు. సెన్సార్ నిజమే చెబుతుండవచ్చు కదా. అందుకని గాలి లోపలికి పోయే చోట కొద్దిగా వంటగ్యాసు వదిలాను. అదీ ఇంధనమే కాబట్టి, సెన్సార్ బాగుంటే వోల్టేజీ పైకి లేవాలి. ఇంజను ఉక్కిరిబిక్కిరైంది, సెన్సార్ మాత్రం కదలలేదు. వైర్లలో కరెంటు సరిగానే ఉంది. పొగ గొట్టానికి ఎక్కడా పగులు లేదు. తప్పు సెన్సార్‌దేనని అప్పుడు తేల్చాను.

తుప్పు వదిలే నూనె పోసి నాననిచ్చి, గొట్టం వెచ్చగా ఉండగా విప్పితే, సెన్సార్ మొన మీద సున్నం వేసినట్టు తెల్లటి పొర. అది సిలికాన్ పొర. ఎక్కడి నుంచి వచ్చిందా అని ఇంజను పైమూత చూశాను. మూత సందు మూసే గాస్కెట్ వేయవలసిన చోట, కిటికీ అద్దాలు అంటించే సిలికాన్ పేస్టు ధారాళంగా పూసి ఉంది. దాని ఆవిరి ఇంజనులో కాలి సెన్సార్‌ను చంపేసింది. ఆ పేస్టు ఉండగా కొత్త సెన్సార్ వేసినా అదే గతి. మూత విప్పి గీకి శుభ్రం చేయించి, కొత్త గాస్కెట్ వేయించి, ఆయిల్ మార్పించి, ఆ తర్వాతే కొత్త సెన్సార్ బిగించాను. యాకూబ్‌ను నడపమని, పక్కన కూర్చుని రఘునాథపల్లి దాకా పోయి వచ్చాను. పొగ లేదు, కుదుపు లేదు. సెన్సార్ చక్కగా ఊగుతోంది.

కమిటీ మళ్లీ కూర్చుంది. యాకూబ్‌నూ మేస్త్రీనీ పిలిపించి, మేస్త్రీని టేపు సంగతి అడిగాను.

"లైటు ఎలుగుతాంటే డ్రైవర్ పరేషాన్ అయితాండు మేడం. అందుకే ఏసిన," అన్నాడు, ఉపకారం చేసినవాడిలా.

యాకూబ్‌కు నవ్వాగలేదు. అధ్యక్షులవారు నవ్వలేదు. వ్యాను నడపదగినదేనని నేను రాసి సంతకం పెట్టాను. ఆయనకు కండెమ్ చేసే దారి లేకపోయింది.

నెల తిరక్కుండా ట్రస్టు బోర్డుకు ఒక నివేదిక వెళ్లింది. 'నా స్వీయ పర్యవేక్షణలో' పాత వ్యానును బాగుచేయించి సంస్థకు పెద్ద ఖర్చు తప్పించానని అందులో పరిపాలనాధికారి రాసుకున్నారు. బోర్డు మెచ్చుకుని ఆయనకు కారు మంజూరు చేసింది. వ్యాను రోగులకే మిగిలింది. యాకూబ్ ఉద్యోగం నిలిచింది. రాజవ్వ నేను రిటైరయ్యే నాటికి అందులోనే వస్తూ పోతూ ఉంది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది చిన్న విషయమే. పాడైన సెన్సార్‌ను పట్టుకోవడానికి పరీక్షలున్నాయి, మార్చడానికి పానా ఉంది. పై అధికారికి రెండూ లేవు. మిగిలిన ఉద్యోగకాలమంతా పరీక్షకు లొంగేవాటి మీదే నా సమయం ఖర్చుపెట్టాను.