ఎదుటివాళ్ళ కంచంలోది

ఎదుటివాళ్ళ కంచంలో ఏదైనా కనబడితే మేస్త్రి చెయ్యి ఆయన మాట వినదు. తన కంచంలోది సగం వదిలేసి లేవగలడు గానీ, పక్కవాడి కంచం చూసి "ఏదీ, కాస్త ఇలా పెట్టు" అనకుండా ఉండలేడు. వడ్రంగి షెడ్డులో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. కాస్తపెట్టు మేస్త్రి అంటేనే తెలుస్తుంది. ఒకసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆయన బల్లమీదున్న సగం కొరికిన బిస్కెట్టును కూడా అడిగిన ఘనుడు. ఆ రోజు పక్కనే ఉన్న ఆయన ఇల్లాలికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆరేళ్ళ క్రితం పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుని నలభై కిలోలు తగ్గాడు. ఆ హుషారులో ఇంట్లో తన కుర్చీ విప్పి సన్నగా బిగించాడు. రెండేళ్ళు తిరక్కుండానే మళ్ళీ విప్పి వెడల్పు చేశాడు. తర్వాత ఇంకోసారి విప్పాడు. ఇప్పుడా కుర్చీలో ఇల్లాలు, ఆవిడ తల్లి పక్కపక్కనే కూర్చుని బఠాణీలు ఒలుచుకుంటున్నారు.

ఇల్లాలికి మాత్రం ఈ మధ్య నవ్వు రావడం లేదు. ఆయన మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వడం లేదు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోంది, అది ఆగినప్పుడల్లా ఆవిడ ఊపిరీ ఆగుతోంది. మళ్ళీ ఆపరేషన్ చెయ్యమని అడిగితే సర్జన్ ఒకటే మాట చెప్పాడు.

"రెండోసారి మొదటిసారంత సులువు కాదమ్మా. మొదటిది ఎందుకు నిలబడలేదో తేలాలి. మా డైటీషియన్ సంతకం పెడితేనే తేదీ ఇస్తాను."

డైటీషియన్ చిన్నపిల్ల, మాట మాత్రం కరుకు. తిన్న ప్రతి ముక్కా రాయమని ఒక నోట్సు ఇచ్చింది. వారం తర్వాత అది తెరిచి చూసి కళ్ళజోడు తీసింది.

"పొద్దున గుడ్డు. మధ్యాహ్నం సూపు. రాత్రి అర రొట్టె. ఇలా తింటే ఈపాటికి మీరు ఫ్యాను గాలికి ఎగిరిపోవాలి మేస్త్రిగారూ."

"ఒట్టు తల్లీ! ఒక్క అబద్ధం రాయలేదు."

ఇల్లాలు ఉండబట్టలేకపోయింది. "మరి మా అమ్మ కంచంలోంచి లాక్కున్నది?"

"అది అత్తయ్య భోజనమే! నాదని ఎలా రాయను?"

"షెడ్డులో తిన్నది?"

"అది చెక్కకి పాలిష్ పెట్టేవాడి టిఫిన్ డబ్బా. వాడు వండుకున్నది నా పేరున రాసుకుంటే ఏం న్యాయం?"

డైటీషియన్ తల పట్టుకుంది. పిట్టలా రోజంతా ఏదో ఒక ముక్క లోపల పడుతుంటే పొట్ట ఎంత చిన్నదైనా ఏం లాభమని చీవాట్లు పెట్టింది. "ఈ వారం ఎవరి కంచంలోంచి తిన్నారో, ఎందుకు తిన్నారో కూడా రాయండి. దాచారో, ఆపరేషన్ మాట మరిచిపోండి."

మేస్త్రికి నిజంగానే భయం వేసింది. వారమంతా చెవి మీది పెన్సిలు తీసి రాస్తూనే ఉన్నాడు. ఎవరైనా తొంగి చూస్తే నోట్సు మూసేశాడు. మరుసటి వారం డైటీషియన్ రెండు పేజీలు చదివి, నోట్సు ఇల్లాలి ముందుకు జరిపింది.

"అత్తయ్య రొట్టె, సగం. కారణం: కట్టుడు పళ్ళు కొత్తవి, నమలలేకపోతున్నారు. కూతురికి తెలిస్తే మళ్ళీ పళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్తుందని ఆవిడ భయం."

"పాలిష్‌వాడి బంగాళదుంపల కూర, నాలుగు చెంచాలు. కారణం: భార్య పోయి మూడు నెలలు. ఇప్పుడిప్పుడే వండుకుంటున్నాడు. ఎవరూ ముట్టకపోతే అదీ మానేస్తాడు."

"మా ఇంటావిడ కూర, గిన్నెలో మిగిలిందంతా. కారణం: మాడింది. తను తింటే రోజంతా తనని తనే తిట్టుకుంటుంది."

ఇల్లాలికి ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన్ని తిట్టిన తిట్లన్నీ వరసకట్టి గుర్తొచ్చాయి. సిగ్గేసింది. ఆ పైన ఆయన మీద పట్టరానంత ప్రేమా కలిగింది. అయినా అడగాల్సింది అడిగింది.

"కూర మాడిందా?"

"అబ్బే... కాస్త."

డైటీషియన్ నోట్సు మూసింది. "ఇంతమంది మొహమాటం మొయ్యడానికి మీకున్నది ఒక్కటే పొట్ట మేస్త్రిగారూ. అదీ ఒకసారి కోయించుకున్నదే."

"అయితే నాకు ఆపరేషన్ లేనట్టేనా?" అని అడిగాడు మేస్త్రి.

"కారణం దొరికిందిగా. ఇక రెండు వారాలు నేను చెప్పిన ద్రవాలే. ఇంకోళ్ళ కంచంలోది మెతుకు తగిలినా సంతకం పెట్టను."

మర్నాడు మధ్యాహ్నం ఫ్లాస్కు పట్టుకుని ఇల్లాలే షెడ్డుకు కాపలా వెళ్ళింది. చెక్క పలక మీద అందరి డబ్బాలూ తెరుచుకున్నాయి. మేస్త్రి చెయ్యి కదిలింది. ఆయన దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

పాలిష్ అతని మొహం వాడిపోయింది. "ఇవాళ వద్దా మేస్త్రీ? బాగోలేదా?"

మేస్త్రి ఇల్లాలి వైపు దిక్కులేనివాడిలా చూశాడు. ఆవిడ చెంచా అందుకుని ఆ డబ్బాలోంచి ఒక ముక్క నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకా నమిలింది.

"ఉడకలేదు తమ్ముడూ. ఉప్పు కూడా లేదు. సాయంత్రం ఇంటికి రా, దగ్గరుండి చేయిస్తాను."

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. ఇన్నాళ్ళ మంచితనం ఒక్క మాటతో మట్టి కొట్టుకుపోయిందనుకున్నాడు. పాలిష్ అతను మాత్రం బరువు దించుకున్నట్టు నిట్టూర్చాడు.

"బతికించావక్కా! నాకూ ఈ కూరంటే పడదు. మేస్త్రి రోజూ లొట్టలేసుకుంటూ తింటున్నాడు కదా, ఆయన కోసమైనా వండాలని ఇదే వండుకొస్తున్నాను."

షెడ్డంతా గొల్లుమంది. మేస్త్రి నవ్వలేక, తాగలేక ఫ్లాస్కు మూత పట్టుకుని ఉండిపోయాడు.

మర్నాటి నుంచి పాలిష్ అతను తనకిష్టమైన గుడ్లు ఉడకేసుకుని తెచ్చుకున్నాడు. మేస్త్రి వాటి వైపు రోజుకు పదిసార్లు చూశాడు గానీ చెయ్యి చాచలేదు. పధ్నాలుగో రోజున డైటీషియన్ సంతకం పెట్టింది.