అంచుదాకా నింపిన తొట్టి

ఆ రోజుల్లో (మరీ పాతకాలమేమీ కాదు, చేతిలో స్మార్టుఫోను ఉన్న రోజులే) నీళ్ళ గురించి నాకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. హిందూపురంలో కొళాయి ఎప్పుడొస్తుందో తెలియక బిందెలు వరసపెట్టి కూర్చునే వీధిలో పెరిగినవాణ్ణి. నీళ్ళొచ్చిన దినం ఇంట్లో ఏ గిన్నే ఖాళీగా ఉండకూడదని మాటలు రాకముందే నేర్చుకున్నాను. ఆ చదువుకు తోడు పానా మేస్త్రి దగ్గర (చేతిలో పానా లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు, అందుకని ఆ పేరు) మూడేళ్ళు గోడలు కొట్టి, పైపులు మోసి ప్లంబింగు నేర్చాను. ఒకరోజు మేస్త్రి నన్ను పిలిచి, "ధర్మవరంలో పట్టుచీరల అంగడప్పా. పెద్ద చేపల తొట్టి పెట్టిస్తాండారు. నేను పెనుకొండ పని ఇడిసిపెట్టి రాలేను, నువ్వే పో. బాగా చేసినావంటే ఇంక నీ పని నువ్వు సొంతంగా చేసుకోవచ్చు. చెడగొట్టినావంటే మళ్ళా గోడలు కొట్టేదానికే" అన్నాడు. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

పని చూస్తే సులువే అనిపించింది. పైన మనిషి పొడవు గాజు తొట్టి, అందులో చేపలు. దాని కింద చెక్క పెట్టెలో ఇంకో చిన్న గాజు తొట్టి. పై తొట్టిలో ఎక్కువైన నీళ్ళు కింది తొట్టిలోకి దిగుతాయి, అక్కడ చెత్త వడపోత అయ్యాక మోటారు వాటిని మళ్ళీ పైకి తోస్తుంది. ఆ మోటారు పైపును నాలుగుగా చీల్చి, ఒక్కోదానికి ఒక్కో వాల్వు పెట్టాలి. రెండు పైపులు పైతొట్టికి, ఒకటి వడగట్టే డబ్బాకు, నాలుగోది మూత వేసి ముందు ముందు అవసరానికి. దీన్ని మానిఫోల్డు అంటారని అంగడి ఓనరు ఫోనులో వీడియో చూపించాడు. వీడియో మొత్తం చూసే ఓపిక నాకెక్కడిది? "తెలుసు సార్" అన్నాను. నీళ్ళు పైనుంచి పడితే చప్పుడవుతుందని, ఆ రెండు పైపుల మూతులనూ తొట్టి అడుగుదాకా దించాను. ఎంత తెలివో చూడండి. సాయంత్రానికి మోటారు తిరిగింది, నీళ్ళు తిరిగాయి, చుక్క లీకు లేదు. నాలుగు వాల్వులనూ నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకున్నాను.

మర్నాడు పొద్దున కొళాయి నీళ్ళొచ్చాయి. కింది తొట్టి సగానికే ఉంది. సగం ఖాళీ తొట్టి, అటుపక్క ధారగా నీళ్ళు, ఇక నా చెయ్యి ఆగుతుందా? గొట్టం పెట్టి అంచుదాకా నింపాను. ఓనరు కూడా పక్కనే నిలబడి, "నింపప్పా నింపు, మళ్ళా ఎన్నాళ్ళకొస్తాయో" అన్నాడు.

పదకొండు గంటలకు తాడిమర్రి నుంచి పెళ్ళివాళ్ళు వచ్చారు. నేల మీద తెల్లటి పరుపులు, వాటి మీద ముహూర్తం చీరలు పరిచేశారు. నేను నా తొట్టి పక్కన, పెళ్ళికొడుకులాగా కాస్త ఠీవిగానే నిలబడి ఉన్నాను. అప్పుడు కరెంటు పోయింది. లైట్లకూ ఫ్యాన్లకూ ఇన్వర్టరు ఉంది, మోటారుకు లేదు. అందుకని కరెంటు పోయిన సంగతే ఎవరికీ తెలియలేదు. మొదట తెలిసింది పెళ్ళికూతురి అవ్వకు. ఆమె కూర్చున్నచోట చేత్తో తడిమి చూసి, "ఏమ్మే, బిడ్డను ఈడ యాల కూచోబెట్టినారు? చూడు, తడిపేసినాడు" అంది. బిడ్డ తల్లి వాణ్ణి ఎత్తి చూసింది. వాడు పొడిగానే ఉన్నాడు. నేను వెనక్కి తిరిగాను. చెక్క పెట్టె తలుపుల కింద నుంచి నీళ్ళు వరదలా వస్తున్నాయి. పై తొట్టిలో నీళ్ళు కళ్ళముందే దిగిపోతున్నాయి. మోటారు ఆగడంతో, నేను అడుగుదాకా దించిన పైపులే నీళ్ళను వెనక్కి లాగి కిందికి పంపిస్తున్నాయి. కింద చోటేదీ? నేనే నింపేశాను కదా.

జనమంతా చీరలు నెత్తిన పెట్టుకుని లేచి నిలబడ్డారు. నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. నేనే బిగించిన వాల్వులు జానెడు దూరంలో ఉన్నాయి, రెండు తిప్పితే చాలు. నేను మాత్రం బయటికి పరిగెత్తి, వీధిలో మునిసిపాలిటీ లైను వాల్వు కట్టేశాను (అప్పటికి కొళాయి ఆగిపోయి రెండు గంటలైంది). తిరిగొచ్చేసరికి పై తొట్టిలో మిగిలిన బెత్తెడు నీళ్ళలో చేపలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. చీరలు పొడిగానే బయటపడ్డాయి, పరుపులు మాత్రం పిండితే కారుతున్నాయి.

ఓనరు నా వైపు వచ్చాడు. "అంచుదాకా యాల నింపినావు?" అన్నాడు గొంతు నొక్కిపట్టి. "నీళ్ళొచ్చినాయి సార్" అన్నాను. అప్పుడు చీరకొంగు పిండుకుంటున్న అవ్వ అందుకుంది. "నీళ్ళొచ్చిన దినం తొట్టి సగానికి ఇడిసిపెట్టేదానికి ఆ పిల్లోడు ఏమన్నా సముద్రం పక్కన పుట్టినాడా? నువ్వు నింపకుండా ఉంటావా ఏమబ్బా?" ఓనరు వంగి తడిసిన పరుపులు చుట్టడం మొదలుపెట్టాడు.

ఫోను చేస్తే మేస్త్రి పెనుకొండ నుంచి గంటలో వచ్చాడు. పైపులను ఒకసారి చూసి, నీటిమట్టానికి కాస్త కింద ఒక్కోదానికి సన్నని రంధ్రం వేశాడు. నీళ్ళు అక్కడికి దిగితే గాలి దూరి లాగడం ఆగిపోతుందట. కింది తొట్టిని సగానికి తోడించి, పైతొట్టి నింపించి, మోటారు తిప్పి, "ఇప్పుడు స్విచ్చి తీయి" అన్నాడు నాతో. తీశాను. పైన నీళ్ళు నాలుగు వేళ్ళు దిగి ఆగాయి, కింది తొట్టి పొంగలేదు. మేస్త్రి ఓనరు వైపు తిరిగి, "పనంతా మావాడిదే. నేను బొక్కేసినా, అంతే. ఇంక ఏమన్నా ఉంటే వానికే ఫోను చేయండి, నాకొద్దు" అని బండెక్కి పోయాడు. వరద చూసినప్పటికంటే ఆ మాటకే నేను ఎక్కువ అదిరిపోయాను.

ఇప్పుడు ఏ ఊళ్ళో తొట్టి బిగించినా, అంతా చక్కగా తిరుగుతుండగా ఓనరు ఎదుటే స్విచ్చి తీసేస్తాను. "బాగా పనిచేస్తాంటే ఆపుతావేమప్పా?" అని అడుగుతారు. నేను పైతొట్టి వైపే చూస్తుంటాను. నీళ్ళు దిగి ఆగేదాకా ఆ ఒక్క నిమిషం, ఖాళీ వీధిలో నీళ్ళు రాని వాల్వును రెండు చేతులా బిగిస్తున్న ఆ కుర్రవాడు కళ్ళముందు కదులుతాడు. పాపం, వాడు ఎంత గట్టిగా బిగించాడో.